కారు అద్దాలకు కూలింగ్ ఫిల్మ్: రూలు ఏమంటుంది, మన కాలువ గట్ల మీద ఏది క్షేమం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు. నాలుగు డోర్లకూ, వెనక అద్దానికీ నల్ల ఫిల్మ్ అంటించి ఉంది. అమలాపురం తెచ్చుకుంటుంటే రావులపాలెం దగ్గర పోలీసులు ఆపి చలానా రాశారు, ఫిల్మ్ పీకించేయమన్నారు. రాజమండ్రిలో ఒక షాపాయన మాత్రం ‘ఇది తీసేసి 70–50 ఫిల్మ్ వేస్తాను, ఆర్టీఓ అప్రూవ్డ్, బిల్లు కూడా ఇస్తాను’ అన్నాడు. అమ్మగారికి చర్మం సమస్య ఉంది, ఎండ తగలనివ్వద్దని డాక్టరు చెప్పారు. ఈలోగా కేరళ హైకోర్టు ఫిల్మ్ వేసుకోవచ్చని తీర్పిచ్చిందని చదివారు. వేయించాలా వద్దా, పోనీ అద్దాలకు జాలీ తెరలు తగిలించుకోవచ్చా అని అడిగారు.

వద్దండి. ఉన్నది తీయించేయండి, కొత్తది వేయించకండి. రవాణా శాఖలో మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్‌గా, అంటే మన వైపు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటారే, ఆ ఉద్యోగంలో గోదావరి జిల్లాల్లోనే ఎక్కువ కాలం పనిచేశాను. చలానా భయంతో చెప్తున్న మాట కాదిది. చలానా చిన్న విషయం. కాలువ గట్టు మీద కారు నడిపేవాడికి నల్ల అద్దం వల్ల అంతకంటే పెద్ద ప్రమాదం ఉంది. దాని గురించి వివరంగా చెప్తాను, ముందు రూలు చూద్దాం.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లో 100వ రూలు అద్దాల గురించి. ముందు అద్దం, వెనక అద్దం గుండా కనీసం 70 శాతం వెలుగు లోపలికి రావాలి. పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం రావాలి. దీన్ని వీఎల్‌టీ అంటారు. షాపుల్లో వినిపించే ‘70–50’ అక్కడి నుంచి వచ్చిందే. అయితే చాలామంది ఆ అంకెలను తిరగేసి పట్టుకుంటారు. ‘ముందు 70 శాతం దాకా నలుపు ఉండొచ్చట’ అని నాతోనే వాదించినవాళ్లున్నారు. రూలు చెప్పేది నలుపు ఎంత ఉండొచ్చని కాదు, వెలుగు ఎంత రావాలని. ముందు అద్దానికి 70 శాతం నలుపు అంటే వచ్చే వెలుగు 30 శాతమే. రూలు అడిగే దాంట్లో సగం కూడా కాదు.

రెండో విషయం, ఈ కొలత ఫిల్మ్‌ది కాదు, అద్దానిది. కొత్త కారు అద్దం కూడా వెలుగును నూటికి నూరు శాతం పంపదు. ఫ్యాక్టరీ నుంచే లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది కాబట్టి కొంత అక్కడే ఆగిపోతుంది. మీ డోర్ అద్దం 75 శాతం పంపేదనుకోండి. దాని మీద 70 శాతం ఫిల్మ్ వేస్తే, 75లో 70 శాతం, అంటే 52.5 మాత్రమే లోపలికొస్తుంది. అంచున గట్టెక్కింది. అదే అద్దం 70 శాతం పంపేదైతే ఫిల్మ్ వేశాక మిగిలేది 49. రూలు తప్పింది. ఇక ముందు అద్దానికి ‘అసలు కనపడదు సార్, 90 శాతం క్లియర్’ అని అంటించే ఫిల్మ్ సంగతి చూడండి. 75లో 90 శాతం 67.5. అదీ తప్పిందే. ‘70–50 ఫిల్మ్’ అని అమ్మేవాళ్లలో మీ అద్దం అసలు ఎంత వెలుగు పంపుతోందో ముందు మీటరు పెట్టి చూసేవాడు అరుదు. చూడకుండా 70–50 అనడానికి అర్థం లేదు.

మీ అద్దం గురించి కొంత మీరే తెలుసుకోవచ్చు. డోర్ అద్దం కింది మూలన చిన్న చిన్న తెల్లటి అక్షరాలుంటాయి, వంగి చూడండి. తయారీ కంపెనీ పేరు, టెంపర్డ్ అనో లామినేటెడ్ అనో ఒక మాట, ఐఎస్‌ఐ గుర్తు, దాని దగ్గర ఐఎస్ 2553 అనే నంబరు ఉంటాయి. అది మన దేశంలో వాహనాల సేఫ్టీ గ్లాసుకు ప్రమాణం. కొన్నిటి మీద వృత్తంలో ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం, పక్కన 43ఆర్ అని ఐరోపా ప్రమాణం గుర్తు కూడా ఉంటుంది. ఆ వరుసలో రోమన్ అంకెల్లో అయిదు, అంటే ‘వి’ అక్షరం కనిపిస్తే ఆ అద్దం 70 శాతం కంటే తక్కువ వెలుగు పంపేదని అర్థం. అలాంటిది కంపెనీ నుంచి వచ్చినప్పటికీ ఫిల్మ్ వేయడానికి అందులో చోటు లేదు.

కంపెనీ నుంచే లేత రంగుతో వచ్చిన అద్దానికి, 70–50 కొలత సరిపోయినంత కాలం, ఎవరూ అభ్యంతరం చెప్పడానికి లేదు. రోడ్డు మీద ఎవరైనా ఆపితే ఆ మూలన ఉన్న గుర్తు చూపించండి.

ఇక సుప్రీంకోర్టు. అవిషేక్ గోయెంకా అనే ఆయన వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో 2012 ఏప్రిల్ 27న తీర్పు వచ్చింది. నల్ల అద్దాల చాటున ఆడపిల్లల మీద అఘాయిత్యాలు, దోపిడీలు జరుగుతున్నాయనీ, లోపల ఎవరున్నారో పోలీసులకు కనపడటం లేదనీ ఆయన కోర్టుకెక్కారు. ప్రధాన న్యాయమూర్తి ఎస్.హెచ్.కపాడియా నేతృత్వంలోని ధర్మాసనం 100వ రూలును చదివి చెప్పింది ఏమిటంటే, ఆ వెలుగు శాతం అద్దం తయారీలోనే ఉండాలి, తర్వాత పైన ఏదో అంటించి ఆ శాతానికి దించుకునే వెసులుబాటు రూలులో లేదు. అందుకే ఏ శాతం ఫిల్మ్ అయినా సరే, మరే పదార్థమైనా సరే, సేఫ్టీ గ్లాసు మీద అంటించడాన్ని 2012 మే 4 నుంచి దేశమంతటా నిషేధించింది. చలానా రాయడంతో సరిపెట్టకుండా ఫిల్మ్ కూడా అక్కడే తీసేయాలని అధికారులకు చెప్పింది. కొందరు ‘70–50కి లోబడిన ఫిల్మ్‌ను వదిలేయండి’ అని మళ్లీ అడిగితే, ఆ ఏడాది ఆగస్టులో ‘ఏ శాతమైనా కుదరదు’ అని ఇంకోసారి స్పష్టం చేసింది.

కాబట్టి మీ షాపాయన చెప్పిన ‘ఆర్టీఓ అప్రూవ్డ్’ అనే మాటను పక్కన పెట్టేయండి. బయట అంటించుకునే ఫిల్మ్‌కు ఆర్టీఓ ఆఫీసులో ఆమోదం ఇచ్చే పద్ధతే లేదు. ఆ బిల్లు మీరు డబ్బు కట్టారనడానికి సాక్ష్యం. రోడ్డు మీద దానికి అంతకు మించిన విలువ లేదు.

కేరళ తీర్పు సంగతి కాస్త ఓపిగ్గా చూడాలి, ఎందుకంటే అందులో పస ఉంది. 2020 జులైలో కేంద్రం 100వ రూలును సవరించింది. అంతకు ముందు ‘సేఫ్టీ గ్లాసు’ అని మాత్రమే ఉన్న చోట ‘సేఫ్టీ గ్లేజింగ్’ అనే మాట కూడా చేరింది. సవరించిన ఐఎస్ 2553లో లోపలి వైపు ప్లాస్టిక్ పొర ఉన్న అద్దాన్ని కూడా సేఫ్టీ గ్లేజింగ్‌గా చెప్పారు. ఇది 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది. దీని ఆధారంగానే 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టులో జస్టిస్ ఎన్.నగరేష్, 70–50 కొలతకు లోబడిన ఫిల్మ్ ఉంటే జరిమానా వేయకూడదన్నారు. సుప్రీంకోర్టు 2012లో చెప్పింది అప్పటి రూలును బట్టి, ఇప్పుడు రూలే మారింది అన్నది అక్కడి తర్కం.

తర్కం బలంగానే ఉంది. కానీ కేరళ హైకోర్టు తీర్పు కేరళలో అధికారుల్ని కట్టేసినట్టు ఆంధ్రప్రదేశ్‌లో కట్టేయదు. ఇక్కడి కోర్టు దాన్ని గౌరవంగా పరిశీలించవచ్చు, అంతవరకే. సుప్రీంకోర్టు మాట మాత్రం అన్ని రాష్ట్రాలకూ శిరోధార్యం. సవరించిన రూలు చెప్పేది తయారీలోనే పొర వేసి వచ్చే అద్దం గురించా, బజార్లో అంటించే ఫిల్మ్ గురించి కూడానా అన్నది మన దగ్గర వాదనకు నిలబడే ప్రశ్న. రావులపాలెం సెంటర్లో నిలబడ్డ కానిస్టేబుల్ ముందు ఆ వాదన పని చేయదు. అతని చేతిలో ఉన్నది 2012 ఉత్తర్వు. మీకు నిజంగా ఈ విషయంలో పోరాడాలని ఉంటే లాయరును పెట్టుకుని హైకోర్టుకు వెళ్లండి, తప్పేం లేదు, అందరికీ ఒక స్పష్టత వస్తుంది. అమ్మగారిని ఆస్పత్రికి తీసుకెళ్లడానికి కారు కావాలంటే మాత్రం ఆ దారి పట్టకండి.

‘మరి మంత్రుల కార్లకు?’ అని అందరూ అడుగుతారు. జెడ్, జెడ్ ప్లస్ భద్రత ఉన్నవాళ్ల అధికారిక కార్లకు మాత్రం రాష్ట్ర హోం కార్యదర్శి, డీజీపీ లాంటి అధికారుల కమిటీ పరిశీలించి మినహాయింపు ఇవ్వొచ్చని ఆ తీర్పులోనే ఉంది. ఎమ్మెల్యే స్టిక్కరు, ప్రెస్ స్టిక్కరు, ‘పోలీస్’ అని రాసిన బోర్డు ఆ మినహాయింపులోకి రావు. డాక్టరు సర్టిఫికెట్ కూడా రాదు. అమ్మగారి విషయంలో మీకు కష్టంగా అనిపిస్తుందని తెలుసు, దానికి వేరే దారులున్నాయి, చెప్తాను. ఇంకొకటి, మన ప్రాంతంలో యానాం రిజిస్ట్రేషన్ బండ్లు ఎక్కువ కదా, పుదుచ్చేరి నంబరైతే ఇవన్నీ వర్తించవని కొందరి నమ్మకం. ఇది కేంద్రం రూలు. ఏ నంబరైనా ఒకటే.

పనిలో పనిగా స్టిక్కర్ల గురించి కూడా చెప్పాలి. వెనక అద్దం నిండా అభిమాన హీరో బొమ్మో, నాయకుడి బొమ్మో, ఇంటిపేరో అంటించుకోవడం మన జిల్లాల్లో బాగా ఎక్కువ. తీర్పులో ఉన్న ‘మరే పదార్థమైనా’ అన్న మాట దానికీ తగులుతుంది. దేవుడి బొమ్మకైనా అంతే. వెనక వచ్చేవాడు మీకు కనపడాలి. బొమ్మ పెట్టుకోవాలంటే డిక్కీ రేకు మీద అంటించుకోండి.

ఇప్పుడు అసలు విషయం.

రావులపాలెం నుంచి కొత్తపేట మీదుగా అమలాపురం దారి మీకు తెలిసిందే. భీమవరం, పాలకొల్లు, నరసాపురం వైపు రోడ్లూ అంతే. చాలా చోట్ల ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేలో, రొయ్యల చెరువులో. గట్టు మీద రోడ్డు, వెడల్పు తక్కువ, దీపాలు లేని చోట్లే ఎక్కువ. ఊరి మొదట్లో ఉన్న దీపం దాటగానే ఒక్కసారిగా చీకటి కమ్ముకుంటుంది. కోతల కాలంలో రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతారు. రాత్రి రొయ్యల బండ్లు ఎదురొస్తాయి, హైబీమ్ దించరు. లైటు లేని సైకిళ్లు, రోడ్డు మీద పడుకున్న గేదెలు, డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున మంచు ఎలాగూ ఉంటాయి. ఇలాంటి రోడ్డు మీద డ్రైవరు ముందు అద్దం ఒక్కదానితో బండి నడపడు. వంతెన దగ్గర మలుపు తిరిగేటప్పుడు, పక్క సందులోంచి రోడ్డెక్కేటప్పుడు, ఎదురు బండికి దారిచ్చి అంచుకు జరిగేటప్పుడు పక్క అద్దంలోంచే చూస్తాడు. సైడ్ మిర్రర్ కనిపించేది కూడా పక్క అద్దంలోంచే. ఆ అద్దానికి ఫిల్మ్ ఉంటే మిర్రర్‌లో వెనక వచ్చే మోటార్ సైకిల్ కనపడదు, గట్టు అంచు ఎక్కడుందో తెలియదు.

మీరే ఒకసారి పరీక్షించుకోండి. రాత్రి ఏడు దాటాక మీ ఊరి కాలువ గట్టున కారు పక్కకు ఆపి, లోపల లైటు ఆర్పి, డ్రైవరు సీట్లో కూర్చోండి. మీవాళ్లలో ఒకరిని ముదురు రంగు చొక్కా వేసుకుని కుడివైపు డోరుకు పదిహేనడుగుల దూరంలో నిలబడమనండి. అద్దం మూసి చూడండి, దించి చూడండి. మూసినప్పుడు ఆ మనిషి స్థానంలో ఒక నీడ ఉంటుంది, దించగానే మనిషి కనిపిస్తాడు. పగలు షాపు ముందు నిలబడి చూస్తే ఈ తేడా తెలియదు, అందుకే అందరూ ‘లోపల్నుంచి బానే కనిపిస్తుంది’ అంటారు.

అయితే వద్దంటే వద్దని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం కాలువే. కారు కాలువలోకి దూసుకెళ్లిన వార్త మన జిల్లాల్లో చదవని ఏడాది లేదు. అలాంటప్పుడు బతికి బయటపడే దారి పక్క అద్దమే. నీళ్లు బయట నుంచి నొక్కుతుంటే డోరు తెరుచుకోదు. కారు తేలుతున్న మొదటి నిమిషంలోపే సీటు బెల్టు విప్పి, కరెంటు పని చేస్తుండగానే అద్దం దించి, పిల్లల్ని ముందు తోసి, వెనకాలే మనం బయటపడాలి. అద్దం దిగకపోతే పగలగొట్టాలి. ముందు అద్దం లామినేటెడ్, రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి చిట్లుతుంది గానీ దారివ్వదు. చాలా కార్లలో పక్క అద్దాలు టెంపర్డ్ గ్లాసు. మొన గల వస్తువుతో మూలన గట్టిగా ఒక్క దెబ్బ కొడితే మొత్తం చిన్న చిన్న పలుకులై రాలిపోయేలా దాన్ని తయారు చేస్తారు.

దానికి ఫిల్మ్ అంటిస్తే ఆ గుణమే పోతుంది. అద్దం పగులుతుంది, కానీ పలుకులన్నీ ఫిల్మ్‌కు అంటుకుని రేకులా అలాగే నిలబడతాయి. దాన్ని కాలితో తన్ని, చింపి దారి చేసుకోవాలి. మామూలు రోజున అది పెద్ద పని కాదు. చీకట్లో, నడుము లోతు నీళ్లలో, వెనక సీట్లో పిల్లలు ఏడుస్తుంటే ఆ కొన్ని క్షణాలు చాలా ఎక్కువ. గట్టు మీద నుంచి దూకి సాయానికొచ్చేవాళ్లకు లోపల ఎందరున్నారో, ఎవరు ఎక్కడున్నారో నల్ల అద్దంలోంచి తెలియదు. ‘పగిలినా ముక్కలు మీద పడవు సార్’ అని షాపువాళ్లు దీన్నే సుగుణంగా చెప్పి అమ్ముతారు. హైవే మీద అది మంచిదే కావచ్చు. కాలువల మధ్య బతికే మనకు కాదు.

మీ కారులో టెంపర్డ్ అద్దాలే ఉంటే, అద్దం పగలగొట్టే స్ప్రింగు పరికరం, బెల్టు కోసే బ్లేడు కలిపి చిన్నది ఒకటి దొరుకుతుంది, కొనండి. డ్యాష్‌బోర్డు అరలో వేయొద్దు, చేతికందేలా సీటు పక్కన పెట్టుకోండి. మూలన లామినేటెడ్ అని రాసున్న డోర్ అద్దమైతే అది పగలదు, ఏ డోరుది టెంపర్డో ఇంట్లోవాళ్లందరికీ ముందే చెప్పి ఉంచండి.

ఎండ సంగతికొద్దాం. ఫిల్మ్ ఎంత నల్లగా ఉంటే అంత చల్లన అనుకుంటారు. కంటికి కనిపించే వెలుగు సూర్యుడి వేడిలో సగానికి కాస్త తక్కువే. దాదాపు సగం కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్. అతినీలలోహిత కిరణాలది చిన్న వాటా, చర్మానికి హాని చేసేది మాత్రం అదే. చవక నల్ల ఫిల్మ్ ప్రధానంగా ఆపేది వెలుగుని. అది వేడిని తనలోకి పీల్చుకుని అద్దాన్నే వేడెక్కిస్తుంది, ఆ వేడిలో కొంత మళ్లీ లోపలికే వస్తుంది. రెండు మూడు వేసవులకు ఊదా రంగుకు తిరిగి, మన ఉక్కకు బుడగలు లేస్తుంది. సెరామిక్ ఫిల్మ్‌లు లేత రంగులోనే ఇన్‌ఫ్రారెడ్‌ను బాగా ఆపుతాయి, ఆ మాట నిజం. కానీ అంటించేది కాబట్టి వాటికీ పైన చెప్పిన చిక్కే.

మన ప్రాంతంలో కారు చల్లబడకపోవడానికి ఎండతో పాటు గాలిలో తేమ కూడా కారణం. ఏసీ తన శక్తిలో చాలా భాగం ఆ తేమను నీరుగా మార్చడానికే ఖర్చు చేస్తుంది, కారు కింద కారే నీళ్లు అవే. బయటి గాలి లోపలికొచ్చే మోడ్‌లో పెట్టి నడిపితే ఆ పని ఎప్పటికీ పూర్తికాదు. ఎండలో నిలిపిన కారు ఎక్కగానే నాలుగు అద్దాలూ దించి ఒకటి రెండు నిమిషాలు నడపండి, లోపలి వేడి గాలి పోతుంది. తర్వాత అద్దాలెత్తి, లోపలి గాలే మళ్లీ తిరిగేలా చేసే రీసర్క్యులేషన్ బటన్ నొక్కండి. క్యాబిన్ ఫిల్టర్ మార్పించి ఎంతకాలమైందో సెకండ్ హ్యాండ్ కారుకు ఎవరూ చెప్పలేరు కాబట్టి ముందు అది మార్పించండి. గ్రిల్లు వెనక కండెన్సర్ రెక్కల్లో ఊక, దుమ్ము పేరుకుంటే ఏసీ సగానికి సగం పడిపోతుంది, మన రోడ్ల మీద ఇది మామూలే. నెమ్మదిగా నీళ్లు పట్టించి కడిగిస్తే చాలు. కారు ఆపినప్పుడు ముందు అద్దానికి లోపలి నుంచి వెండిరంగు సన్‌షేడ్ పెట్టండి. కారులో అన్నిటికంటే పెద్ద అద్దం అదే, డ్యాష్‌బోర్డు కాలేది దాని వల్లే.

జాలీ తెరల గురించి కూడా అడిగారు. ఆపిన కారుకు పెట్టుకోండి, బండి కదిలే ముందు తీసేయండి. అంటించలేదు కదా, తగిలించాం కదా అని వాదించేవాళ్లున్నారు, కానీ వెలుగు శాతం తగ్గిందా లేదా అన్న దగ్గర ఆ వాదన నిలవదు. పక్క మిర్రర్ కనపడని ఇబ్బంది జాలీతోనూ ఉంటుంది. డ్రైవరు, పక్క సీటు అద్దాలకు ఏ పరిస్థితుల్లోనూ వద్దు.

అమ్మగారి విషయం. ముందు అద్దం లామినేటెడ్ కాబట్టి మధ్య పొర అతినీలలోహిత కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. మామూలు పక్క అద్దాల గుండానే కొంత వస్తాయి. కొన్ని మోడళ్లకు కంపెనీయే యూవీ కట్ పక్క అద్దాలు ఇస్తుంది. మీ కారుకు పై వేరియంట్‌లో అవి ఉన్నాయేమో షోరూం స్పేర్ పార్ట్స్ కౌంటర్లో అడగండి. ఉంటే వెనక రెండు డోర్లకు మార్పించుకోవచ్చు. ఐఎస్‌ఐ గుర్తుతో, 50 శాతం కొలతతో వచ్చే అద్దం కాబట్టి పూర్తిగా చట్టబద్ధం. ఫిల్మ్ కంటే ఖర్చు ఎక్కువే, కానీ ఒకసారితో అయిపోతుంది. అప్పటిదాకా పూర్తి చేతుల నూలు జాకెట్టో, పల్చటి శాలువో, డాక్టరు రాసిన సన్‌స్క్రీన్ క్రీమో సరిపోతాయి.

కూర్చునే చోటు కూడా చూసుకోండి. అమలాపురం నుంచి రాజమండ్రి ఆస్పత్రికి అంటే దాదాపు ఉత్తరం వైపు ప్రయాణం. పొద్దున వెళ్తే ఎండ కుడిపక్క కొడుతుంది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు కారు దక్షిణానికి తిరుగుతుంది, సూర్యుడు పడమటికి వెళ్తాడు, ఎండ మళ్లీ కుడిపక్కే. కాబట్టి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆవిడను వెనక ఎడమవైపు కూర్చోబెట్టండి.

ఇప్పుడున్న ఫిల్మ్ తీయించేటప్పుడు ఒక జాగ్రత్త. డోర్లది సులువు. ఆవిరి పట్టించో, హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టో, ఒక మూల లేపి నెమ్మదిగా లాగితే ఒకే ముక్కగా వస్తుంది. మిగిలిన జిగురుకు సబ్బు నీళ్లు చాలు. వెనక అద్దానిది మాత్రం ఆషామాషీగా చేయనివ్వకండి. ఆ అద్దం లోపలి వైపు సన్నటి అడ్డగీతలుంటాయి, డీఫాగర్ తీగలవి. ఫిల్మ్ వాటి మీదే అంటించి ఉంటుంది. బ్లేడు పెట్టి గీకినా, పొడిగా ఉండగా విసురుగా లాగినా గీత తెగిపోతుంది, మళ్లీ అతకడం కష్టం. వానాకాలం రాత్రి వెనక అద్దానికి ఆవిరి పట్టినప్పుడు ఆ గీతల విలువ తెలుస్తుంది. బాగా తడిపి, వెచ్చబెట్టి, గీతల వెంట అడ్డంగా లాగమని చెప్పి, పని అయ్యేదాకా దగ్గరే నిలబడండి.

చలానా కట్టేయండి. మోటారు వాహనాల చట్టం 177వ సెక్షన్ ప్రకారం మొదటిసారి 500 రూపాయల దాకా, మళ్లీ దొరికితే 1500 దాకా జరిమానా ఉంటుంది. ఫిల్మ్ వేసింది పాత యజమాని అన్న మాట చెల్లదు, రోడ్డు మీద నడుపుతున్నవాళ్లే జవాబుదారీ. తీయించాక నాలుగు వైపులా ఫొటోలు తీసి ఫోన్‌లో ఉంచుకోండి.

చివరగా మీరు అడగనిది ఒకటి. కారు తెలంగాణ నంబరుది. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి, దానికి అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ కావాలి. పాత యజమాని పేరు మీద హైదరాబాద్‌లో పడిన చలానాలు ఎన్ని పెండింగ్‌లో ఉన్నాయో బండి నంబరు కొట్టి ఇవాళే చూడండి. నల్ల అద్దాలతో అక్కడ తిరిగిన బండికి ఉండే అవకాశమే ఎక్కువ, అవి ఉంటే ఎన్‌ఓసీ పని అక్కడే ఆగుతుంది. అమ్మినాయన ఫోన్ ఎత్తుతున్న రోజుల్లోనే ఆ లెక్క తేల్చుకోండి.